తప్పు గీత

మళ్లీ ఎర్రగీత పడింది.

సంధ్యారాణి స్ట్రిప్పును బల్ల మీద విసిరికొట్టింది.

"ఏంది బిడ్డా, మళ్ల నాదేనా?" అంది సారవ్వ, నేరమేదో చేసినట్టు.

"నీదే అవ్వా. ప్రతిసారీ నీదే!"

గోదావరిఖని దవాఖానలో ఆ స్ట్రిప్పులను పరీక్షించే పని సంధ్యారాణిది. కిడ్నీ దెబ్బతినడం మొదలవగానే మూత్రంలోకి ఓ ప్రోటీన్ దిగుతుంది. సరిగ్గా దాని ఆకారంలోనే, కంటికి కనిపించనంత చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పూత ఆ స్ట్రిప్పుల మీద ఉంది. ప్రోటీన్ వచ్చి గుంటలో ఇమిడితే గీత పడుతుంది. లేకపోతే పడకూడదు.

పోల్చి చూడటానికి ఆరోగ్యవంతులు కూడా కావాలంటే, సారవ్వ తనంతట తానే వచ్చింది. మామూలు రక్తపరీక్షలో కిడ్నీలు బాగున్నాయనే తేలింది. గీత మాత్రం పడుతూనే ఉంది.

ఆ స్ట్రిప్పులు తయారుచేయించే పెద్దసారు హైదరాబాదు నుంచి ఫోను చేశాడు.

"బాగున్న మనిషికి జబ్బుందని చెప్పే స్ట్రిప్పు ఎవరికమ్మా? ఇట్లయితే పని ఆపేద్దాం."

ఆ ఉక్రోషమంతా సారవ్వ మీదికి మళ్లింది.

"అవ్వా, ఇంక నువ్వు రాకు."

"ఇంకొక్కసారి చూడరాదు బిడ్డా. మా ఆయన బొగ్గు బాయిల పనిచేసెటోడు. కిడ్నీలు పోయి సచ్చిపోయిండు. ఆఖరుదాక ఎవ్వలకు ఎర్కలే. ఇదన్న జల్ది చెప్తదని వస్తున్న."

"చెప్పేది నిజమైతే కదా! నీ వల్లనే మొత్తం ఖరాబైతుంది. పో అవ్వా."

"గుస్స గాకు బిడ్డా," అంటూ సారవ్వ చెప్పులు వెతుక్కుంది.

సంధ్యారాణి ఆమె ఫలితాలన్నీ తీసి పక్కన పారేసింది. గీత అంత తేలిగ్గా పడకుండా పూత మార్చి పంపమని హైదరాబాదుకు కబురు పెట్టింది. మార్చిన స్ట్రిప్పులు వచ్చాయి. అవి అసలు రోగులను కూడా గుర్తుపట్టడం మానేశాయి.

వానాకాలం పోయాక ఓరోజు డయాలసిస్ గదిలోకి వెళ్లబోయిన సంధ్యారాణి గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం మీద, మొహమంతా ఉబ్బిపోయి, సారవ్వ.

"ఏమైంది?" అని పక్కనున్న కూతురు జమునను అడిగింది.

"మోకాళ్ల నొప్పులకు షాపుల గోళీలు తెచ్చుకొని ఏండ్ల సంది మింగుతుండె మేడం. అవే కిడ్నీలను ఖరాబ్ చేసినయట. కిడ్నీలు మంచిగున్నయని ఈడ చెప్పిండ్రట. ఇంక ఫికరే చెయ్యలే."

సారవ్వ మెల్లగా కళ్లు తెరిచింది.

"వచ్చినవా బిడ్డా... నీ గీతల పట్టీ మంచిగైందా?"

సంధ్యారాణి వెళ్లి మంచం పక్కన కూర్చుంది.

ఆ మొదటి స్ట్రిప్పుకు ఏనాడూ ఏ లోపమూ లేదని, రక్తపరీక్షకు కూడా అందకముందే అది సరిగ్గా గుర్తుపట్టిన రోగి సారవ్వేనని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు.