మూగ బండి

"ఇగో చావి. నీ బండి నాకద్దు."

పరుశురాం కారు తాళంచెవిని దశరథం కాళ్ల ముందు విసిరేశాడు. మగ్గాల వాళ్లుండే వడోద్ బస్తీలోని ఆ ఇరుకు సందులో కారు ఆగితే మనుషులు గోడకు ఒరిగి నడవాలి. పన్నెండేళ్ల ఆ పాత కారును పదిహేను రోజుల కిందట అతనికి అమ్మింది దశరథమే. ఇద్దరూ ఒకే కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా పక్కపక్కనే దడదడలాడే మరమగ్గాలు నడుపుతున్నారు.

"ఏమైందో చెప్పి కొట్లాడు," అన్నాడు దశరథం.

"ఎనకకు తీస్తుంటే అడ్డమేదన్న ఉంటే కూస్తదని చెప్పినవా లేదా? నిన్న నా మనుమరాలు ఎనక నిలవడ్డది. కూయలే. మా ఇంటామె గుంజకపోతే పిల్ల చక్రం కింద పడుతుండె."

దశరథం ముఖం పాలిపోయింది. అయినా తగ్గలేదు. "అద్దంల చూసుకోవద్దా? నీకు నడుప రాకపోతే నేనేం జేయాలె?"

"మూడేండ్ల పిల్ల అద్దంల కనవడ్తదా? గందుకే కదా ఆ సెన్సార్ ఉన్నది."

ఇంత అరుచుకుంటున్నా ఇరుగుపొరుగు ఎవరూ తలుపు తీయలేదు. మగ్గాల వాళ్లు మంచీచెడ్డా మాట్లాడుకున్నా అదే గొంతు.

"నిజం చెప్పన్నా. నీ దగ్గర ఉన్నప్పుడు కూసిందా?"

దశరథం తల దించుకున్నాడు. "లేదు. ఒక్కనాడు గూడ కూయలే. రెండుసార్లు కొత్తది ఏయించిన. ఆ మిస్త్రీ లంగ. ప్రతిసారి పాతదే పెట్టిండు గావచ్చు."

పరుశురాంకి ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లుగా అన్నా అని పిలిచినవాణ్ణి చొక్కా పట్టి గోడకు నెట్టాడు. "తెలిసి గూడ నాకు అంటగట్టినవా? నా ఇంట్ల చిన్నపిల్ల ఉన్నదని నీకెరుక లేదా?"

"చెయ్యి తియ్యి. నీకిచ్చే ముందు మూడోది ఏయించిన. ఇంకొక్కసారి చూద్దాం. కూయకపోతే బండి నేనే తీసుకుంట."

దశరథం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కారు వెనక జానెడు దూరంలో వేశాడు. పరుశురాం కింద పడిన తాళంచెవి తీసుకుని లోపల కూర్చున్నాడు. అద్దాలన్నీ దించి, ఇంజిన్ చప్పుడు అడ్డం రాకుండా తాళం సగమే తిప్పి, రివర్స్ గేరు వేశాడు. దశరథం కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. నిమిషం గడిచింది.

"ఏమన్న ఇనవడ్డదా?"

"లేదు," ఒప్పుకున్నాడు దశరథం.

"నీతోని దోస్తానా ఇయ్యాల్టితోని ఖతం. మల్ల నా గడప తొక్కకు," అన్నాడు పరుశురాం, గేరు తీయకుండానే.

అప్పుడే దశరథం భార్య మంగ పసివాడైన మనుమణ్ణి భుజాన వేసుకుని విసవిసా బయటికి వచ్చింది. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆమె రోజూ చేసినట్టే మొగుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"ఇప్పుడే కన్నంటుకున్నది పోరనికి. ఆ బండి గప్పటిసంది కీ కీ అని చెవులు పలిగేటట్టు కూస్తుంటే, మీ ఇద్దర్ల ఒక్కలకన్న ఇనొస్తలేదా?"