పాడుబావిలో జింకపిల్ల

"జింకపిల్ల బతుకుతాదా, చస్తాదా? ఆ ఒక్క ముక్క చెప్పి తలుపేసుకో తల్లీ!"

శుక్రవారం పొద్దున తలంటుకుని, తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని తలుపు తీసిన అనసూయమ్మకు మొదట ఏమీ అర్థం కాలేదు. గుమ్మంలో ముంజల గంపతో హన్నమ్మ నిలబడి ఉంది. ఆళ్లగడ్డ లైబ్రరీ కిటికీ కింద, గోడ నీడన కూర్చుని ముంజలు అమ్ముకునే మనిషి.

"ఏ జింకపిల్ల హన్నమ్మా?"

"నిన్న నువ్వు పాడుబావిలో పడేసి ఇంటికొచ్చేస్తివే, ఆ జింకపిల్ల!"

అనసూయమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కాస్త గర్వమూ వచ్చిందని చెప్పక తప్పదు. వేసవి సెలవులని లైబ్రరీలో రోజూ సాయంత్రం పిల్లలకు కథ చదివి వినిపిస్తోంది ఆవిడ. పిల్లలకు మాత్రమే. పెద్దవాళ్లు ఎవరైనా గడప దగ్గర తచ్చాడితే, "మీకేం పని ఈడ? పిల్లలకే చాపలు చాలడం లేదు, పోండి" అని తరిమేస్తుంది. సరిగ్గా అందరూ ఊపిరి బిగపట్టిన చోట పుస్తకం మూసేయడం ఆవిడ విద్య. అలా మూస్తేనే మర్నాడు మండే ఎండలో కూడా పిల్లలు పరుగెత్తుకొస్తారు.

నిన్నా అలాగే మూసింది. తెల్లారితే శుక్రవారం, లైబ్రరీకి సెలవన్న సంగతి ఆవిడకు గుర్తుంది. ఆ సెలవంతా జింకపిల్ల బావిలోనే పడి ఉండాలన్న సంగతి మాత్రం తట్టలేదు.

"మీ ఇంటి నుంచి వచ్చే పిల్లలున్నారా? రేపు చెప్తాలే, పంపించు."

హన్నమ్మ గంప దించింది. "యాడ పంపేదమ్మా? మా పాపకు ఎండదెబ్బ తగిలి పండుకోనుంది. నిన్నటి నుంచి మెతుకు ముట్టలే. తినమ్మా అంటే, ఆడ జింకపిల్ల నీళ్లు లేక పడుంటే నాకెట్ల దిగుతాదీ అంటాంది."

అనసూయమ్మ గర్వం ఎటు పోయిందో పోయింది. "అయ్యో! పాప పేరేంది?"

"పేరా? లూదియా."

ఆ పిల్లల గుంపులో లూదియా ఎవరో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తన మూలాన ఒక పసిపిల్ల పస్తు ఉందన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. అయినా ఆవిడకు అబద్ధం చెప్పడం చేతకాదు.

"అది చచ్చిపోతుంది హన్నమ్మా. తల్లి రాత్రంతా బావి చుట్టూ తిరిగి అరుస్తుంది. తెల్లారి మంద కదిలితే తల్లీ దాని వెంట వెళ్లిపోతుంది."

హన్నమ్మ మెట్టు మీద కూలబడింది. "పిల్లను బావిలో ఇడిసిపెట్టి తల్లి పోతాదా? ఎవురమ్మా రాసింది? వాళ్లింట్లో ఆడోళ్లు లేరా?"

"రాసినాయన రాసినాడు. మార్చడానికి మనమెవరం?"

"పుస్తకంలో గీకమంటినా? నోటితోనే కదా చెప్పేది! ఆ నోటితోనే బతికించు." హన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "చచ్చిందని నేను పోయి యా మొగం పెట్టుకొని చెప్పేది?"

అనసూయమ్మ మెత్తబడింది. "సరే, బతికిందని చెప్పు."

"ఊరికే బతికిందంటే నమ్ముతాదా? ఎట్ల బతికిందో చెప్పాల. మా పాప గట్టిది."

పుస్తకంలో లేని ముక్క ఏనాడూ పలకని అనసూయమ్మ, తడిజుట్టుతోనే హన్నమ్మ పక్కన మెట్టు మీద కూర్చుంది.

"నీళ్లు తోడుకునేవాళ్లు ఎవరో వచ్చి చూశారందాం."

"ఎండిపోయిన బావికి నీళ్లకెవురొస్తారు?" అని హన్నమ్మ కసిరింది. "తల్లి అరుస్తాంది కదా. ఆ అరుపు ఇని చెంచోళ్లు రాకూడదా? కొండకు తేనెకు పోయేటోళ్ల కాడ తాళ్లుంటాయి."

"ఉంటాయి! ఒకాయన తాడు పట్టుకుని దిగుతాడు."

"ఒడిలో పెట్టుకొని పైకి తెస్తాడు. తల్లి దూరంగా పోయి నిలబడి చూస్తాంటాది. మనిషంటే భయం కదా దానికి. ఆయప్ప పిల్లను దించి, పక్కకు తప్పుకుంటాడు. అప్పుడొచ్చి నాకుతాది."

చెప్తూ చెప్తూ హన్నమ్మ మళ్లీ కొంగు కళ్లకద్దుకుంది. అనసూయమ్మకూ కళ్లు చెమర్చాయి.

"పొద్దాయె. తొందరగా పోయి చెప్పాల." హన్నమ్మ లేత ముంజలు కొన్ని మెట్టు మీద పెట్టి, వద్దంటున్నా వినకుండా గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

అనసూయమ్మకు ఆ రోజు ఏ పనీ సాగలేదు. పిల్ల తిన్నదో లేదో! ఎండ తగ్గగానే గ్లూకోజు పొట్లం ఒకటి, బొమ్మల పుస్తకం ఒకటి సంచిలో వేసుకుని చర్చి వెనకాల హన్నమ్మ ఉండే పేటకు బయల్దేరింది. దారిలోనే నిశ్చయించుకుంది కూడా, రేపు లైబ్రరీలోనూ జింకపిల్ల బతకాల్సిందేనని.

పేట మొదట్లో ఏసయ్య అనే ముసలాయన మంచానికి నులక బిగిస్తున్నాడు.

"హన్నమ్మ ఇల్లు యాడప్పా?"

"ఈ పక్కదే. ముంజలు అమ్మేదానికి బస్టాండుకు పోయిందమ్మా."

"పాపను ఒంటరిగా వదిలిపెట్టి పోయిందా? ఎట్లుంది పాపకు? అన్నం తినిందా?"

"ఏ పాపమ్మా?"

"లూదియా. ఎండదెబ్బ తగిలి, నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదంట కదా."

ఏసయ్య నులక వదిలేసి ఆవిడ మొహంలోకి చూశాడు.

"హన్నమ్మకు పిల్లలు యాడుండారమ్మా? నిన్నటి నుంచి కూడు ముట్టకుండా ఏడుస్తా కూచున్నది ఆమెనే!"