గట్టి బుష్‌లు

తెల్ల ఎస్టీమ్ కారు షెడ్డు ముందు ఆగింది. దిగిన మనిషిని చూసి ఇస్హాక్ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు.

ఏడాదిగా ఆ మొహం అతన్ని నిద్రపోనివ్వడం లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే, నమాజుకు నిలబడ్డా అదే. వెతుక్కుంటూ వెళ్దామంటే ఆ మనిషి ఇంటి గేటు దగ్గరే ఆపేసేవారు. ఇవాళ తనంతట తానే వచ్చి, మేడ్చల్ హైవే పక్కన అతని రేకుల షెడ్డు ముందు నిలబడింది.

“ఏమయ్యా, ముందు చక్రాల దగ్గర ఒకటే టకటక. కాస్త చూడు” అన్నాడు శ్రీనివాసరావు.

అతనికి ఇస్హాక్ ఎవరో తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం అలాంటివాళ్లకు రాదు. దుండిగల్ దగ్గర కొత్త కాలనీలో మేడ, రావల్కోల్‌లో మామిడితోట, తోటలో లేస్తున్న గెస్ట్ హౌసు. ఆ పని చూసుకోవడానికి రోజూ ఇటే వెళ్తాడు, ఇటే వస్తాడు.

ఇస్హాక్ కారు కిందికి దూరి చూశాడు.

“రబ్బరు బుష్‌లు పోయినయ్ సార్” అన్నాడు.

షెడ్డు వెనకే ఇల్లు. టీ తెచ్చిన షహజాది బేగం ఆ మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. భర్తను లోపలికి పిలిచింది.

“గీయనే గద?”

“గీయనే.”

“బ్రేకుల జోలికి పోకు. నీకు దండం పెడత. రోడ్డు మీద మంది పిల్లలు తిరుగుతుంటరు.”

ఇస్హాక్ తల తిప్పి చూశాడు. లోపలి గదిలో కూతురు షిరీన్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏడాది కిందట, ఏడో నెలలోనే నొప్పులొస్తే అత్తగారింటి నుంచి ఆటోలో మేడ్చల్ ఆసుపత్రికి బయల్దేరింది. రావల్కోల్ దాటగానే ఆటో బోల్తా పడింది. షిరీన్ బతికింది. బిడ్డ దక్కలేదు. ఇక పిల్లలు పుట్టరని డాక్టరమ్మ చెప్పాక అత్తగారు ఆమెను మళ్లీ పిలవలేదు.

కారకుడెవరో ఊరంతటికీ తెలుసు. ఇస్హాక్ పోలీసుల దగ్గరికీ వెళ్లాడు. “ఆ పొద్దు ఆయన బెజవాడల ఉండె. ఆయన మీద కేసెట్ల రాస్తమయ్యా?” అని నవ్వి పంపించారు.

“బ్రేకులు ముట్టుకోను” అన్నాడు ఇస్హాక్. “సస్తే ఆయనకేం తెలుస్తది? బతికుండాలె. ఒంట్ల బొక్కబొక్కకు తెల్వాలె.”

బయటికొచ్చి బల్ల మీద రెండు బుష్‌లు పెట్టాడు. ఒకటి నల్లది, రబ్బరుది. రెండోది పసుపుపచ్చది, జీడిమెట్లలో ఎవరో అచ్చుపోస్తున్న గట్టి ప్లాస్టిక్ రకం, పాలీయురేథేన్. చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ కీలులో కూర్చునే ముక్క ఇది. మోకాలిలో గుజ్జు లాంటిది. రబ్బరు మెత్తనిది. దెబ్బను తానే మింగుతుంది, అందుకే తొందరగా అరుగుతుంది. పసుపుది మొండిది. అరగదు, దేన్నీ మింగదు. కింద తగిలింది తగిలినట్టు పైన సీటుకు అప్పజెబుతుంది. పసుపుది కావాలని వచ్చిన కుర్రకారును కూడా తిట్టి రబ్బరే వేసి పంపడం ఇస్హాక్ అలవాటు.

ఇవాళ ఆ అలవాటు పక్కన పెట్టాడు.

“నల్లది ఏస్తే మళ్ల జల్దీనే మార్చాలె సార్. పసుపుది ఏస్తే జిందగీ భర్ అటు చూసే పని లేదు. జర గట్టిగుంటది, గంతే.”

“గట్టిగానే ఉండాలయ్యా! ఒక్క వానకే పోయే సరుకు నాకొద్దు. చేసే పనిలో ఆ మాత్రం నాణ్యత ఉండొద్దూ?”

ఇస్హాక్ పసుపుది చేతిలోకి తీసుకున్నాడు.

“ఇంకో మాట” అన్నాడు శ్రీనివాసరావు. “విప్పిన పాత ముక్కలు నా చేతికివ్వాలి. వెయ్యకుండానే వేశామనే రకాలు నాకు తెలుసు.”

“మీకు తెల్వకుంటెట్ల సార్” అన్నాడు ఇస్హాక్.

పని అయ్యాక ట్రయల్‌కు హైవే ఎక్కించాడు. నున్నటి తారు మీద కారు గీత గీసినట్టు పోయింది. మలుపులో ఒక్క పిసరు కూడా ఊగలేదు. శ్రీనివాసరావు మహా సంబరపడి ఇస్హాక్ భుజం తట్టాడు. పాత ముక్కలు కవర్లో వేసుకుని తోటకు బయల్దేరాడు.

షహజాది బేగం భర్తను ఎగాదిగా చూసింది. “గింతేనా నీ పగ? కొత్త సామాన్ ఏసి, సలాం కొట్టి పంపినవ్?”

“జర ఆగరాదే” అన్నాడు ఇస్హాక్, చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ.

ఆ వానాకాలం చివర్లో ఎస్టీమ్ మళ్లీ వచ్చింది. శ్రీనివాసరావు డోరు పట్టుకుని, మూలుగుతూ, కాస్త కాస్తగా దిగాడు. నడుముకు బెల్టు, మెడకు పట్టీ. మొహం పీక్కుపోయింది. పగవాడికి కూడా రాకూడని అవస్థ అంటారు కదా, అది చూసి ఇస్హాక్ కళ్లు తృప్తిగా మెరిశాయి.

“ఏం పెట్టావయ్యా బాబూ! హైవే మీద బాగానే ఉంటుంది. తోట దారి పట్టానో లేదో, వెన్ను మీద సమ్మెటతో కొట్టినట్టే. డిస్కు జరిగిందన్నారు. గెస్ట్ హౌసు సగంలో ఉంది, వెళ్లకుండా కుదరదు. వాటిని పీకేసి రబ్బరువి పెట్టు, నీకు పుణ్యముంటుంది.”

ఆ మూలుగు విని షిరీన్ లేచి వచ్చింది. తల మీద కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడింది. శ్రీనివాసరావు ఆమె వంక ఒకసారి చూసి, ఎవరో తెలియక, చూపు తిప్పుకున్నాడు.

ఇస్హాక్ స్పానర్ ముట్టుకోలేదు. కూతురికి వినబడేలా అన్నాడు.

“బుష్‌లల్ల ఏం ఖరాబు లేదు సార్, మా బిడ్డ ఆటోను పల్టీ కొట్టిచ్చిన గుంతలే గవి, రావల్కోల్ రోడ్డు కాంట్రాక్టు పట్టి ఏసింది మీరే గద!”