కారవాన్‌కు నిమ్మకాయ

"ఏంట్రా ఆశన్నా, ఈ వేషాలు?"

కారవాన్ ముందు వేలాడుతున్న నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండను చూసి స్టోర్‌కీపర్ పెద్దిరాజు మొహం చిట్లించాడు. దుబాయ్ పక్కనున్న ఫుజైరా క్వారీకి ముదీర్, అంటే మేనేజరు, చలికాలంలో పెళ్ళాం పిల్లలతో ఎడారికి తీసుకెళ్ళే చక్రాల ఇల్లు అది. ఎండకు దాని రంగు వెలిసిపోకుండా చూడమని పెద్దిరాజుకు అప్పగించి, ఆయన నాలుగు నెలల సెలవు మీద వెళ్ళాడు. పెద్దిరాజు ఆ పనిని క్వారీ కూలీ ఆశన్నకు పురమాయించాడు.

"ఇరుసు కింద దిమ్మెలు పెట్టిన. మూడు పొరల టార్పాలిన్ కప్పిన. ఎలుకల మందు పెట్టిన. ఇగ దిష్టి తగలకుండ గిది కట్టిన సారు."

పెద్దిరాజు పగలబడి నవ్వాడు. ఈ మొద్దుల్ని దుబాయ్ కాదు, చంద్రమండలానికి తీసుకెళ్ళినా అక్కడా నిమ్మకాయలే కడతారనుకున్నాడు.

"ఒరేయ్, చుట్టూ రాళ్ళూ కొండలూ తప్ప ఏమున్నాయిరా? దీనికి ఎవడి దిష్టి తగులుద్ది?"

"ఇంకెవలది సారు? మాదే."

ఆశన్న గొంతులో వెటకారమేమీ లేదు.

"ముప్పై మందిమి రేకుల షెడ్డుల ఉడుకుతున్నం. మనిషే లేని దీనికి మూడు పొరల నీడ. డ్యూటీకి గీ తొవ్వనే పోతం, గీ తొవ్వనే వస్తం. కండ్లు మూసుకొని నడువలేం గద!"

పెద్దిరాజు నవ్వు ఆగిపోయింది. దండను తెంపబోయిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

ఆశన్న సంచిలోంచి ఇంకో దండ తీశాడు.

"ఇదొకటి మిగిలింది సారు. మీ రూం ఏసీకి కట్టుమంటరా?"