మాట్లాడేవాడు

"మీ పడవ వెనక్కి తీయండ్రా!" అని చాల్కో వాళ్ళు అరిచారు.

"మీరే తీయండెహె!" అన్నాను తెడ్డు ఎత్తి.

ఇరుకు కాలవలో ఇద్దరు రాజుల పడవలు ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడ్డాయి. మా షోచిమిల్కో రాజు టోచిన్ పలకడు. ఎదుటి పడవలో మా రాణి అన్న, చాల్కో రాజు మాసా, అసలే పలకడు. ముందు నోరు తెరిస్తే దారి అడుక్కున్నట్టేనని ఇద్దరి పట్టుదల. గట్ల మీద సైనికులు అప్పుడే గదలు ఎత్తారు.

మా పడవలో ఉన్న రాణి షోకోకి మాత్రం, తాగడానికి కలిపిన కోకో నురగ దిగిపోతోందని విసుగు.

"ఏమండీ, అన్నయ్యా! మన భాషలో రాజుని ఏమంటాం?"

ఇద్దరూ చెరో గట్టు వైపు మొహం తిప్పుకున్నారు.

"మాట్లాడేవాడు అంటామమ్మా," అన్నాను నేనే.

"మరి పొద్దుట్నుంచీ ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు? ఈ తెడ్డువాడు! రేపట్నుంచి రాజుగారి సింహాసనం చాప మీద వీణ్ణే కూర్చోబెడతాను."

"బావా!"

రాజులిద్దరి గొంతులూ ఒక్కసారే లేచాయి. గట్ల మీద గదలు దిగాయి, నవ్వులు లేచాయి.

ఎవరు ముందు పిలిచారని బావలిద్దరూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు, ఒకే గిన్నెలో కోకో తాగుతూ. నా రాజ్యం మాత్రం అక్కడితో సరి.