చీర కప్పిన గోడ

కుందన బరువెత్తిన ప్రతిసారీ గోడ ఆ దృశ్యాన్ని మళ్లీ చూపిస్తుంది. ఒప్పయితే ఒంటి వెంట పచ్చ గీత, తప్పయితే ఎర్ర గీత. ఊళ్లో ఏ ఇంటి గోడైనా అంతే. వంటింట్లో తల్లి నీలవేణి పచ్చడి నూరినా తిరిగి చూపించి, భుజం వంగిందని తప్పు పడుతుంది. మనిషి మాట కన్నా గోడ మాటే చెల్లుబాటు.

రేపు విజయనగరంలో వెయిట్‌లిఫ్టింగ్ ఎంపిక పోటీ. అక్కడ ఇలాంటి గోడలుండవు. అందుకే నీలవేణి పొద్దున్నే గోడ మీద పాత చీర కప్పేసింది.

కుందన అరవై కిలోలు తలపైకెత్తి దించింది. అలవాటుగా గోడవైపు తిరిగితే చీర కనబడింది.

"ఎలగెత్తినావే?" అంది నీలవేణి. ఒకప్పుడు ఆమే బరువులెత్తిన మనిషి.

"సూడకుండా ఎలా తెలుస్తాదమ్మా? ఒక్కపాలి తియ్యి."

"తియ్యను. మళ్లీ ఎత్తు."

కుందన పళ్లు బిగించి ఎత్తింది. ఈసారి గోడవైపు చూడలేదు. పైన బరువు వణికింది. దించేసి, ఎడమ మోచేతిని కుడిచేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇక్కడ నొప్పెడతందమ్మా."

నీలవేణి గబుక్కున చీర లాగేసింది. చీర చాటు నుంచి కూడా చూసిన గోడ మీద కుందన ఇందాకటి బరువే మళ్లీ ఎత్తుతోంది. పాదం నుంచి మణికట్టు దాకా ఒకటే పచ్చ గీత.

"ఎప్పట్నుంచే ఈ నొప్పి?"

కుందన గోడనీ మోచేతినీ మార్చి మార్చి చూసింది.

"ఎప్పట్నుంచో ఉన్నాదమ్మా. గోడ పచ్చగా సూపిస్తంటే, ఇది నొప్పి కాదనుకున్నాను."