మోకాలి కింద దిండు

"అక్కా, ఈ దిండు మళ్ళా ఎవరు పెట్టినారు?"

నరసింహప్ప మోకాలి కింద నుంచి దిండు లాగేస్తూ అడిగింది కృపాకుమారి.

"నేనే మా. నొప్పి అంటాండాడు." వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తున్న అతని భార్య కదిరమ్మ తలెత్తలేదు.

"కింద ఎత్తు పెడితే కాలు వంకరగానే బిగుసుకుపోతాదని ఎన్నిసార్లు చెప్పాలక్కా?"

కదిరమ్మ ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళోకి తీసుకుంది.

నాలుగు నెలల కిందట చింతపండు రాలుస్తూ చెట్టు మీద నుంచి పడ్డాడు నరసింహప్ప. తొడ ఎముక విరిగింది. అనంతపురంలో ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. ఎముక అతుక్కుంది కానీ మోకాలు పట్టేసింది. కృపాకుమారి ఫిజియోథెరపిస్టు. ఒక సేవాసంస్థ తరఫున వారానికి మూడుసార్లు రాయదుర్గం నుంచి మోపెడ్ మీద ఈ ఊరికి వస్తుంది. గుమ్మఘట్ట పక్కనున్న ఆ ఊళ్ళో ఆమె పేరు ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె 'మాలీషమ్మ'.

"ఎముక అతికించేది డాక్టరు. కాళ్ళు పిసికేదానికి గూడా చదువుండాదా మా?" అని అరుగు మీది మగవాళ్ళు నవ్వేవారు. నాలుగున్నరేళ్ళు చదివానని ఆమె మొదట్లో చెప్పేది. తర్వాత మానేసింది.

నరసింహప్ప మాత్రం నవ్వలేదు. "నువ్వు ఏం చెప్తే అది చేస్తా మా. ఈ మంచం నాకు జైలైపోయింది," అన్నాడు. తువ్వాలు పళ్ళతో కరిచిపట్టి మోకాలు వంచాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎన్ని దినాలకు లేస్తాడు?" వాకిట్లోంచి కదిరమ్మ అడిగింది. వచ్చిన ప్రతిసారీ అదే ప్రశ్న.

"ఇట్లే చేస్తే నెలకు నడుస్తాడక్కా."

శెనక్కాయల చప్పుడు కాసేపు ఆగిపోయింది. ఈమెకు కూడా నమ్మకం లేదు అనుకుంది కృపాకుమారి.

మళ్ళీ వచ్చినప్పుడు దిండు మోకాలి కిందే ఉంది. తను ఇచ్చిన వాకర్ వాకిట్లో ఉంది, దాని మీద తడిచీరలు ఆరేసి ఉన్నాయి. కృపాకుమారి కోపం మింగి, కాగితం మీద మోకాలి బొమ్మ గీసి అన్నీ మొదటి నుంచి చెప్పింది. కదిరమ్మ శ్రద్ధగా వింది.

ఆ తర్వాతిసారి తలుపుకు బీగం వేసి ఉంది.

"మా! మాలీషమ్మా!" కిటికీలోంచి నరసింహప్ప గొంతు. "బీగమేసి పోయింది మా! నన్ను లేవనీదు. నువ్వన్నా చెప్పు మా!"

కృపాకుమారి గడప మీద కూర్చుంది. ఎండ కాళ్ళ దాకా వచ్చింది. లోపల మంచం కిర్రుమంటూనే ఉంది. మధ్యాహ్నానికి కదిరమ్మ కట్టెలమోపుతో వచ్చి, ఆమెను చూసి వీధి కొళాయి దగ్గరే ఆగిపోయింది. కృపాకుమారి విసురుగా ఎదురెళ్ళింది.

"ఏంటక్కా ఇది? ఇంకో నెల ఇట్లే పోతే ఎవరొచ్చినా ఆ మోకాలు కదలదు. జన్మంతా మంచమే!"

"తెలుసు మా. బొమ్మ గీసి చెప్పినావు కదా."

"తెలిసీ చేస్తాండావా? నేనూ మాలీషు చేసేదాన్నేనని నీకూ లెక్కలేదా?"

కదిరమ్మ మోపు దించి, దాని పక్కనే కూలబడింది.

"ఊరోళ్ళకు లేదు మా. నాకుండాది. నీ చేత్తో ఆయప్ప లేచి నడుస్తాడని ఈ ఊర్లో నమ్మింది నేనొక్కదాన్నే."

"మరెందుకక్కా?"

కదిరమ్మ కిటికీ వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"నేను దెబ్బలు తినకుండా ఉండింది ఈ నాలుగు నెల్లే మా."